అయిదో ప్రశ్న

హనుమండ్లు అరగజం బట్ట తెచ్చి కీబోర్డు మీదికి విసిరాడు.

"అవ్వా, నీ చిన్నకోడల్ను చూడుమను. కండ్లార చూడుమను. గిది చీరెనా, గబ్బిలాల చెట్టా అడుగు."

నర్మద కంప్యూటరు ముందు కుర్చీలో ఉంది. హనుమండ్లు ఆమెకు నాలుగడుగుల దూరంలో గడప మీద నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా శంకరవ్వ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ ఇంట్లో పెద్దకొడుకూ చిన్నకోడలూ ఒకరితో ఒకరు మాట్లాడరు. పగవల్ల కాదు, మర్యాదవల్ల. మొగుడి అన్నతో ఆడమనిషి ఎదురుబడి మాట్లాడకూడదు. పగే అయితే ఈ ఆరేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు తీరిపోయేది.

"చూడుమంటుండు" అంది శంకరవ్వ, తల ఎత్తకుండా.

నర్మద చూసింది. అంచు వెంట తీగ చక్కగా పైకి పాకుతోంది. నడుమ మొగ్గలు మాత్రం కాడలు పైకీ తలలు కిందికీ పెట్టుకుని వేలాడుతున్నాయి. ఒక్కటీ తప్పిపోలేదు. తప్పును ఇంత క్రమశిక్షణతో చేయడం కంప్యూటరుకే చెల్లింది.

"నాలుగింటికి మగ్గాల సంఘం సెక్రటరీ సారు వస్తడు. గిదే చూపెట్టుమను" అన్నాడు హనుమండ్లు. "ఆరింటికి భీవండి బస్సు. నేను, నా పెండ్లాం, పిల్లలు పోతున్నం. టికెట్లు తెచ్చిన."

ఈసారి శంకరవ్వ మాట అందించలేదు. బీడీకి దారం చుట్టబోతున్న ఆమె చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

లోపలి గదిలో గిన్నెలు గోనెసంచిలో పడుతున్న చప్పుడు వినిపించింది. పెద్దకోడలు దేవకి సర్దుతోంది. ఆమె ఎవరితోనూ పోట్లాడదు. సర్దుతుంది, అంతే.

"పోతా అంటె పోనిస్తనా?" అన్నాడు తండ్రి పర్శరాములు అరుగు మీదినుంచి. "నాలుగు మగ్గాల ఇల్లురా ఇది."

"మూడు, బాపు. నాలుగోదాన్ని విప్పి నీ చిన్నకొడుకుకు గా కంప్యూటరు టీవీ పెట్టుకునెతందుకు జాగ ఇచ్చినవ్." హనుమండ్లు గొంతు పెరగలేదు. అది పెరిగి ఉంటే అందరికీ కాస్త ధైర్యంగా ఉండేది. "మూడు మగ్గాల మీద తెల్లబట్ట నేస్తె పొయిల నిప్పుండదు. రంగు అంచు పని వస్తె ఉంటనన్న. వస్తదని చెప్పిండ్రు. ఏడాది చూసిన. వచ్చింది గబ్బిలం."

సిరిసిల్లలో ఆ వాడ నుంచి మగ్గాల కూలికి భీవండి బస్సు ఎక్కినవాళ్లలో తిరిగివచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పర్శరాములు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చెమట పట్టే కాలం కాదు అది.

నర్మద మొగుడు వెంకటి ఇంట్లో లేడు. మూడు రోజుల కింద భార్యతో పోట్లాడి, తన ఫ్లాపీలన్నీ డబ్బాలో వేసుకుని కరీంనగర్ పోయినవాడు కబురైనా పెట్టలేదు.

పోట్లాట చట్రం గురించి, అంటే కంప్యూటరులో చీరె నమూనాలు గీసే ప్రోగ్రాము గురించి. నర్మద కట్టిన చట్రానికి తనంతట తానుగా ఏ విద్యా రాదు. ఒక పెద్ద కిటికీ, దాని తలమీద ఖాళీ మెనూ, పక్కన బొత్తాలు లేని పట్టీ. అంతే. తెరవగానే అది ఒక ఫోల్డరులోకి తొంగిచూసి, అక్కడున్న ఒక్కో చిన్న ప్రోగ్రాము ముక్కనూ పిలిచి నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. నీ పేరేమిటి? మెనూలో ఎక్కడ నిలబడతావు? నీ బొత్తాం మీద ఏ బొమ్మ? నిన్ను నొక్కితే ఏ కిటికీ తెరవాలి? జవాబులు చెప్పిన ముక్క చట్రంలో చేరుతుంది, చెప్పనిది బయటే ఉంటుంది. అంచు ఒక ముక్క. మొగ్గ ఒక ముక్క. రేపు కొంగు కావాలంటే కొంగు ముక్కను రాసి ఫోల్డరులో పడేయడమే. చట్రాన్ని విప్పే పని లేదు.

"పిల్లను జూడ వచ్చినోళ్లు గూడ గిన్నే అడుగుతరు" అని శంకరవ్వ మొదటిరోజే మెచ్చుకుంది.

వెంకటి మెచ్చుకోలేదు. "రెండు ముక్కలకు చట్రమెందుకే? అంత ఒక్కటే ముద్ద రాస్తె అయిపోతుండె."

"రెండే అని ఎవలన్నరు? రేపు వాడకొక్కరు ఒక్క అంచు రాసుకొస్తరు. వచ్చినోళ్లకోసం ముద్దను మల్ల పిసుకుతమా?"

"డిగ్రీల లెక్కలు జదివినవని నాకు పాఠం చెప్పకు."

ఆమె పాఠం చెప్పడం మానేసింది. అతను ఇంట్లో ఉండడం మానేశాడు. అంచు ముక్క నర్మద రాసింది కాబట్టి దాని రాత ఆమె దగ్గరుంది. మొగ్గ ముక్క వెంకటిది. దాని రాత అతని ఫ్లాపీల్లో పోయింది, తయారైన ముక్క మాత్రం కంప్యూటరులో మిగిలింది. నడుస్తుంది గాని విప్పి లోపల ఏముందో చూడడానికి లేదు. మొగుడితో కాపురం కూడా అట్లాంటిదే కాబట్టి నర్మదకు అది కొత్త కష్టమనిపించలేదు.

పర్శరాములు అరుగు దిగి వచ్చాడు. బట్టను వెలుతురులో పట్టుకుని చూశాడు. తరవాత బల్ల మీదున్న రెండు ప్రింటు కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒకటి అంచుది, ఒకటి మొగ్గది. వాటిలోని గడుల ప్రకారమే మగ్గానికి నమూనా చెప్పే డాబీ పట్టీలకు కొయ్యమేకులు కొడతారు. అడ్డంగా నడిచే పేక దారం ఒకసారి అటునుంచి ఇటు వస్తే ఒక పట్టీ. మేకు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు.

"కాగితాల తప్పు లేదు గదరా" అన్నాడు.

"దేనికదే మంచిగున్నది, బాపు. రెంటినీ కలిపి చూసినోడు లేడు" అన్నాడు హనుమండ్లు. "నేను మేకులు కొట్టెనాడే చెప్పిన. పది రోజులైంది."

నర్మద కుర్చీలో సర్దుకుంది. "అత్తా, బావ ఏం చెప్పిండో జర అడుగు. నాకేం రాలె."

"వచ్చింది. నేనే జెప్పిన" అంది శంకరవ్వ. "కాగితం అందిందట అని జెప్పలే?"

"అందిందని చెప్పిన, అవ్వా. దాని ఎన్క ఇంకేమన్న?"

"ఇంకేదో తిట్టినవ్. తిట్లు నేనెందుకు మోస్త?"

"తిట్టు గాదే! నీ చిన్నకొడుకు మొగ్గను మీదికెల్లి కిందికి రాసిండు, ఏ గాడిద పట్టీలను మీదికెల్లి కొడ్తదో అడుగుమన్న."

"గాడిద ఉన్నది గద అండ్ల" అంది శంకరవ్వ. "మొత్తం తీసేసిన."

వెనకషెడ్డులో మూడు మరమగ్గాలు ఎవరి గొడవా తమకు పట్టనట్టు కొట్టుకుంటున్నాయి.

శంకరవ్వ ఆరేళ్లుగా ఈ గుమ్మంలో కూర్చుని మాటలను అటునుంచి ఇటు అందిస్తోంది. అందించేముందు బియ్యంలో రాళ్లు ఏరినట్టు వాటిని ఏరుతుంది. ఇల్లు ఇన్నాళ్లు నిలిచింది ఆమె ఏరబట్టే. కానీ ఈసారి రాయితోపాటు గింజ కూడా పోయింది.

హనుమండ్లు గడప దాటాడు.

"నర్మదా" అన్నాడు.

శంకరవ్వ చేతిలోని ఆకు నలిగింది.

"నర్మదా, ఇటు చూడు. మగ్గం మీద బట్ట కిందికెల్లి పెరుగుతది. ఒకటో పట్టీ అన్నిటికన్న అడుగున. దానిమీద రెండోది. మా బాపు నీకు అంచు గట్లనే చెప్పిండు, నువ్వు గట్లనే రాసినవ్."

నర్మద లేచి నిలబడింది. లేవాలో కూర్చోవాలో తెలియక లేచింది. "అవును బావా. మీ తమ్ముడు మొగ్గను పుస్తకంల జూసి రాసిండు. కంప్యూటర్ల తెర మీదికెల్లి లెక్క. ఒకటో గీత అన్నిటికన్న మీద."

"మరి నీ చట్రం ఏం జేసింది?"

"ఎవల కిటికీ వాళ్లకిచ్చింది. అంచు కిటికీల అంచు మంచిగున్నది, మొగ్గ కిటికీల మొగ్గ మంచిగున్నది." ఆమె రెండు కాగితాలనూ ఒకదానిమీద ఒకటి పెట్టింది. "రెంటినీ ఒక్క బట్ట మీద పెట్టి నేను చూడనే లే. ఏడికెల్లి లెక్కబెడుతున్నవని ఎవల్నీ అడగలే."

మొదటిసారి ఇద్దరూ ఎదురుబడి మాట్లాడుకుంటే పర్శరాములు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. శంకరవ్వ చాట పట్టుకుని లేచింది.

"ఇగ నేనెందుకు ఈడ" అని అరుగుమీదికి పోయింది.

"మొగ్గ కాగితాన్ని తిరగేసి మేకులు కొడ్త. గంట పని" అన్నాడు హనుమండ్లు.

"ఈ ఒక్క చీరెకు అయితది. సెక్రటరీ సారు చీరె కోసం వస్తలేడు బావా. వాడవాడకెల్లి ముక్కలు వస్తె చేరుతయా అని చూసెతందుకు వస్తుండు. వచ్చిన ప్రతి కాగితాన్ని తిరగేసుకుంట కూసుంటమా? చట్రమే అడగాలె. అడిగి, అదే తిప్పాలె."

"నాలుగింటిదాక అయితదా?"

గోడగడియారం పదకొండున్నర చూపిస్తోంది.

"కాకుంటె మీరు ఆరింటికి బస్సెక్కుతరు" అంది నర్మద.

హనుమండ్లు వెనకషెడ్డుకు పోయాడు. ఒకటి తరవాత ఒకటి మూడు మగ్గాలూ ఆగాయి. అవి నడుస్తున్నంతసేపూ కరెంటు ఊగి తెర వణుకుతుందని అతనికి తెలుసు. ఏడాదిగా తెలుసు. ఎవరూ అడగకుండా ఆపడం ఇదే మొదలు.

చప్పుడు ఆగిన ఇంట్లో నర్మద కుర్చీ ముందుకు జరుపుకుంది.

నర్మద ముందు రెండు ముక్కలకూ కలిపి ఒక్క గడుల కాగితం గీసింది, చట్రం నట్టనడుమ. ఇక బొమ్మలు ఎవరి కిటికీలో వాళ్లవి ఉండిపోవు. ముక్కలు తమ కిటికీల్లో నింపిన గడులను చట్రమే తీసుకుని ఆ కాగితం మీద పెడుతుంది. తరవాత అయిదో ప్రశ్న రాసింది. ఏడికెల్లి లెక్క, పైనుంచా కిందినుంచా? కిందినుంచి అన్నవాళ్ల గడులను ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి, పైనుంచి అన్నవాళ్లవి తలకిందులు చేసి పెట్టాలి.

అంచు ముక్కలో జవాబు రాసుకుంది. నడిపింది. తీగ వచ్చి కాగితం అంచున నిలబడింది.

మొగ్గ ముక్కను పిలిచింది. తెర ఒక్కసారి మెరిసి, చట్రం మొత్తం మాయమైంది.

మళ్లీ నడిపింది. మళ్లీ మాయమైంది.

మొగ్గ ముక్కకు అయిదో ప్రశ్న తెలియదు. అది పుట్టినప్పుడు నాలుగే ఉన్నాయి. తెలియని ప్రశ్న అడిగితే అది ఊరికే తెల్లమొహం వేయదు, చట్రాన్ని కూడా పట్టుకుని పడిపోతుంది. దాన్ని దిద్దాలంటే దాని రాత కావాలి. రాత ఫ్లాపీలో ఉంది. ఫ్లాపీ కరీంనగర్‌లో ఉంది. కరీంనగర్‌లో ఎక్కడో కనుక్కుందామంటే, వెంకటి పనిచేసే కంప్యూటరు సెంటరుకు ఆవేళ సెలవు.

ఒంటిగంట దాటింది. ఆమె మూడు తీర్లుగా రాసి చూసింది. మూడుసార్లూ తెర బూడిదరంగు తిరిగింది.

దేవకి పళ్లెంలో అన్నం తెచ్చి బల్ల మీద పెట్టింది. వెంటనే పోలేదు.

"చెల్లె, ఇది అయితె మేం ఆగుతమా?"

"అక్కా..."

"నాకు ఇండ్ల ఏం తెల్వది. మూటలు ఇప్పాల్నా వద్దా, గది చెప్పు చాలు. పిల్లలు బడి సంచీ ఏడున్నదని అడుగుతున్నరు. అది అన్నిటికన్న కింద పెట్టిన."

నర్మదకు ఏడుపొచ్చింది. ఏడవడానికి సమయం లేదు కాబట్టి అన్నం తిన్నది. ఏం కూరో ఆమెకు తెలియలేదు.

రెండున్నరకు ఆమె ఒక చిన్న సంగతి గమనించింది. ఇంటికి వచ్చిన మనిషి పలకకపోతే మనం పక్కవాళ్లను అడుగుతాం. మెడపట్టి గెంటము, మనమూ పడిపోము. చట్రం కూడా అట్లా ఉండవచ్చు. ముక్కను అడగాలి, అది పలకకపోతే పడిపోకుండా తట్టుకోవాలి, తట్టుకుని ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషిని అడగాలి.

రాసింది. మూడుంబావుకు మొగ్గ ముక్కను పిలిచింది. చట్రం పడిపోలేదు. నడుమ ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. అందులో రెండు బొత్తాలు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. మీదికెల్లి. కిందికెల్లి.

ఆమె మొగుడి తరఫున మీదికెల్లి నొక్కింది. ఆయన అన్నిటినీ మీదినుంచే చూస్తాడని ఆమెకు పెండ్లయిన నెలకే తెలిసింది.

మొగ్గలన్నీ తలలెత్తి నిలబడ్డాయి. అంచున తీగ, నడుమ మొగ్గ, ఒకే దిక్కు చూస్తూ.

"మామా" అని పిలిచింది.

పర్శరాములు వచ్చి తెర మీద వేలు పెట్టి ఒక్కో మొగ్గనూ తాకాడు. తాకినచోట మరకపడింది. తువ్వాలతో తుడిచాడు. "హనుమండ్లూ, రారా" అన్నాడు. హనుమండ్లు చూశాడు, కొత్త ప్రింటు కాగితం తీసుకుని మేకులు కొట్టడానికి పోయాడు. అరుగుమీద శంకరవ్వ మాత్రం తనను ఎవరైనా పిలుస్తారేమోనని ఎదురుచూసింది.

నాలుగుకు పది నిమిషాలుండగా వాకిట్లో జీపు ఆగింది.

జిల్లా మరమగ్గాల సంఘం సెక్రటరీ రాజేశ్వర్‌రావు దిగాడు. ముందుసీటు నుంచి వెంకటి దిగాడు. గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ అంగీ వేసుకున్నాడు. మూడు రోజులు ఎక్కడున్నావని అడగడానికి వీల్లేకుండా పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"రాండ్రి సార్, గిదే నేను కట్టిన చట్రం" అన్నాడు.

నర్మద అప్పటికే కుర్చీలోంచి లేచి లోపలి గుమ్మంలోకి జరిగింది. పర్శరాములు నోరు తెరవబోయాడు. శంకరవ్వ వెనకనుంచి తువ్వాల గుంజింది. హనుమండ్లు చేతిలో సుత్తితో షెడ్డు దారిలో ఆగిపోయాడు. అతను నర్మద వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. పని రానీ, ఎవరు కడితే ఏం?

వెంకటి కుర్చీలో కూర్చుని చట్రం తెరిచాడు. తీగా మొగ్గా ఒక్క కాగితం మీదే కనిపించేసరికి అతను లోపలి గుమ్మం వైపు ఒకసారి చూశాడు. సర్దుకున్నాడు. "అంచు, మొగ్గ, అన్ని ఒక్కతాననే వస్తయి సార్."

"మంచిగుంది" అన్నాడు రాజేశ్వర్‌రావు. "కానీ ఇవి మీ ఇంటి ముక్కలు వెంకటీ. ఇంట్ల ఒగలు చెప్పుకున్న సంగతి ఒగలకు ఎర్కుంటది. నాకు బయటి ముక్క చేరుతదా చూడాలె. గది నా కండ్లముందట చేరితెనే అంచు చీరెల పని ఈ వాడకు రాసిస్త. లేకుంటె వేరే ఊర్లోళ్లు ఎదురుచూస్తున్నరు. అయిదింటికి నేను పోవాలె."

"తెచ్చిన సార్." వెంకటి జేబులోంచి ఫ్లాపీ తీశాడు. "కొంగు ముక్క. మంథని దోస్తు కొమురెల్లి రాసిండు. ఈ నాలుగు ప్రశ్నలు నేనే కాగితం మీద రాసిచ్చిన. మూడు దినాలు ఇద్దరం గదే పని మీదున్నం."

నర్మద గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకు వేసింది. మూడు రోజులూ అతను పోయింది ఈ పని మీదనా? చట్రమెందుకన్న మనిషి చట్రానికి ముక్క తెచ్చాడు. ఆమె అతన్ని పిలవబోయింది. పరాయి మనిషి ముందు మొగుణ్ని ఏమని పిలవాలో తోచేలోపల అతను ముక్కను ఫోల్డరులో వేసి చట్రాన్ని తెరిచేశాడు.

మెనూలో కొంగు అని వచ్చింది. పట్టీ మీద బొత్తాం వచ్చింది. రాజేశ్వర్‌రావు తల ఊపాడు. వెంకటి బొత్తాం నొక్కాడు.

చిన్న పెట్టె తెరుచుకుంది.

వెంకటి పెదవులు కదిలాయి. మీదికెల్లి. కిందికెల్లి. మౌసు మీద అతని చెయ్యి కదల్లేదు.

"ఏమడుగుతుంది వెంకటీ?"

వెంకటి పెట్టెలోని మాటలను మళ్లీ చదివాడు.

"నువ్వు రాసిందే గద?"

వెంకటి కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "గిది నేను రాయలే సార్" అన్నాడు. మాట చిన్నగా వచ్చినా అందరికీ వినిపించింది.

"మరెవలు రాసిండ్రు?"

పర్శరాములు కొడుకును చూశాడు. శంకరవ్వ ఈసారి ఎవరి తువ్వాలా గుంజలేదు.

"నర్మద రాసింది" అన్నాడు హనుమండ్లు షెడ్డు దారిలోంచి. "ఈ పెట్టె గూడ, చట్రం గూడ."

రాజేశ్వర్‌రావు చేతిగడియారం చూసుకున్నాడు. "అయితె ఆమెనే నొక్కుమనుండ్రి."

నర్మద వచ్చి కూర్చుంది. ఇంతమంది మగవాళ్ల ముందు కూర్చోవడం ఇదే మొదలని ఆమెకు అప్పుడు గుర్తు రాలేదు. తప్పు నొక్కితే కొంగు సారు కళ్లముందే తలకిందులవుతుంది, ఒకసారి నొక్కితే ఆ ముక్కకు ఆ జవాబే ఖాయమైపోతుంది. దాన్ని మార్చుకునే దారి రాయడానికి ఆమెకు పొద్దు చాలలేదు. అది మాత్రం గుర్తుంది.

తల తిప్పకుండా, పక్కన నిలబడ్డ మొగుణ్ని అడిగింది. మూడు రోజుల తరవాత ఆమె అతనితో అన్న మొదటి మాట అది.

"కొమురెల్లి ఏడికెల్లి లెక్కబెట్టిండు?"

వెంకటి ఫ్లాపీ వైపు చూశాడు.

"అడగలే" అన్నాడు.

రాజేశ్వర్‌రావు తెర వైపు వంగాడు. నర్మద మౌసు మీద చెయ్యి వేసింది. ప్రశ్న రాసింది ఆమే. జవాబు ఆమెకూ తెలియదు.